పద్నాలుగో గుర్తుకర్ర

రెనో శవం ఉదయం ఎనిమిది నలభైకి దొరికింది. స్కీ వాలు తెరవడానికి ముందు దారి చూసుకుంటూ దిగే గస్తీవాళ్ళకి ‘వితంతువు’ అనే వాలు కింద, రాళ్ళ మధ్య, మంచులోంచి ఒక ఎర్రటి చేతితొడుగు కనిపించింది. ఎవరో పారేసుకున్నారనుకుని ఒకడు దాన్ని లాగాడు. తొడుగుతో పాటు చెయ్యి కూడా పైకి వచ్చింది.

వాల్‌దోర్న్ కొండ మీద ప్రతి వాలుకీ ఒక రంగు, ఒక పేరు ఉన్నాయి. ఆకుపచ్చవి కొత్తగా నేర్చుకునేవాళ్ళకి. నీలంవి కాస్త నిలదొక్కుకున్నవాళ్ళకి. ఎర్రవి గట్టివాళ్ళకి. నల్లవి, గస్తీవాళ్ళు వేళాకోళంగా చెప్పే మాట ప్రకారం, వీలునామా రాసి వచ్చినవాళ్ళకి. ‘వితంతువు’ నల్లది. రెనో దాన్ని పాట పాడుకుంటూ దిగగలడు. పంతొమ్మిదేళ్ళు గూఢచారిగా బతికినవాడు, నడకా స్కీలూ ఒకే ఏడాది నేర్చినవాడు, ఎండ కాసిన రోజున అక్కడినుంచి జారిపడి చచ్చిపోయాడంటే అతని గూఢచారి శాఖలో ఎవరూ నమ్మలేదు.

మాగలి రవ్వార్ అసలే నమ్మలేదు. ఆమెకి ముప్పై ఆరేళ్ళు. రెనోతో ఏడేళ్ళు పనిచేసింది. చివరిసారి ఫోన్‌లో మాట్లాడుకున్నారు. అప్పుడు ఆమె పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. “మళ్ళీ చేస్తాలే” అన్నాడతను. “సరే” అని పెట్టేసింది. ఆ ఒక్క మాట నాలుగు రోజులుగా ఆమె గొంతులో ఎముక ముక్కలా ఇరుక్కుని ఉంది.

“కూర్చో,” అన్నాడు కమాండర్ ఫోంతనే, లియోన్ నగరంలోని శాఖ ఆఫీసులో. “నిద్రపోయావా?”

“లేదు.”

“మంచిది. బాగా నిద్రపోయినవాళ్ళు ఈ పనికి ఒప్పుకోరు.”

ఒక ఫొటో ముందుకు జరిపాడు. బట్టతల, మందపాటి కళ్ళద్దాలు, లావుపాటి మనిషి. పేరు ఓతకార్. ‘ఏడో గది’కి కోడ్ యంత్రాలు తయారుచేసే ఇంజనీరు. సరిహద్దుకి అవతలి దేశం ఒకటి రహస్యంగా నడిపే గూఢచారి ముఠాకి శాఖలో వాడే పేరు ఏడో గది. పదేళ్ళుగా ఆ ముఠా యూరప్ ఆఫీసుల్లో మనుషుల్ని లోబరుచుకుంటోంది. అలా లోబడినవాళ్ళు నలభై ఒక్కమంది. ఆ పేర్లు ఏ కాగితం మీదా లేవు. ఓతకార్ తలలో ఉన్నాయి.

“భార్యని కళ్ళారా చూశాకే పేర్లు చెప్తాడట,” అన్నాడు ఫోంతనే. “ఆవిడ పదకొండు రోజుల కిందే వేరే దారిన వచ్చేసింది. రైల్వే ప్లాట్‌ఫారం మీద ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండానే విడిపోయారు. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి, కొండకి అవతలి లోయలో, సెంతోర్స్ ఊళ్ళో, హోటల్ బట్టలు ఉతికే వ్యాను ఒకటి ఆగుతుంది. ఆవిడ అందులో ఉంటుంది.”

“ఎంతసేపు ఆగుతుంది?”

“పన్నెండుంపావు దాకా. తర్వాత ఆగదు. ఆవిణ్ణి వేరే పేరుతో వేరే దేశం పంపేస్తాం. ఎక్కడికన్నది నాకు కూడా చెప్పరు.”

“అంటే పావుగంట ఆలస్యమైతే ఆ మొగుడూ పెళ్ళాలు ఈ జన్మకి…”

“అంతే,” అన్నాడు ఫోంతనే.

ఓతకార్ తన దేశపు వ్యాపార బృందంతో వారం రోజుల సెలవుకి వాల్‌దోర్న్ వచ్చాడు. కాపలాకి ఇద్దరున్నారు. బృందమంతా స్కీ క్లాసులో చేరింది, కాపలావాళ్ళూ స్కీల మీదే. ఓతకార్ ఒక్కడే స్నోబోర్డు క్లాసులో చేరాడు. అది రెనో ఆలోచన. బోర్డు క్లాసు వేరు, వేరే చోట. స్కీ మనుషులకి బోర్డువాళ్ళంటే చిన్నచూపు, పక్కన నిలబడటం కూడా నామోషీ. మాగలి ఒకప్పుడు ఆ కొండ మీదే నాలుగు చలికాలాలు గస్తీ తిరిగింది, బోర్డు కూడా నేర్చింది. ఇన్‌స్ట్రక్టర్ వేషంలో వెళ్ళాలి. గురువారం అతన్ని చెయిర్‌లిఫ్ట్‌లో కనుమ మీదికి తీసుకెళ్ళి అవతలి లోయలోకి దింపాలి.

ఫోంతనే మ్యాపు పరిచి, పైనుంచి ఆకుపచ్చ వాలు ‘మార్మోత్’ మీదుగా దిగమన్నాడు. మాగలి ఒప్పుకోలేదు. మార్మోత్ మధ్యలో ముప్పావు కిలోమీటరు చదును ఉంది. స్కీ మీద ఉన్నవాడు చేతికర్రలతో నెట్టుకుంటూ పోతాడు. బోర్డు మీద రెండు కాళ్ళూ కట్టేసుకున్నవాడు అక్కడ ఆగిపోతాడు, కట్లు విప్పుకుని నడవాలి. చదునుకి ముందు బోర్డుని సూటిగా వదిలి, అంచు ఆనించకుండా, వేగమంతా కూడబెట్టుకుంటే తప్ప దాటలేరు. నాలుగు రోజుల నేర్పుతో అది అయ్యే పని కాదు. కాస్త నిటారుగా ఉన్నా నీలం వాలు ‘జెంతియాన్’ మేలు.

“నేను యాభై ఏళ్ళుగా స్కీ చేస్తున్నా. ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు,” అన్నాడు ఫోంతనే.

“మీకు చేతికర్రలున్నాయి కదా సార్.”

చివర్లో ఇంకో పేరు చెప్పాడు. లియోనీ. ఏడో గది దృష్టిలో ఆమె వాళ్ళ మనిషి. నిజానికి మన మనిషి. మూడేళ్ళ కింద రెనోయే ఆమెని ఇటు తిప్పాడు. దారిలో ప్రమాదముంటే ఆమె ముందుగా చెబుతుంది.

“రెనో ఆమెని నమ్మాడు,” అన్నాడు.

“రెనో చచ్చిపోయాడు,” అంది మాగలి.

ఫోంతనే సొరుగులోంచి పెదవులకి రాసుకునే క్రీము గొట్టం ఒకటి తీసి ఇచ్చాడు. అడుగు భాగం తిప్పి నొక్కితే ఒక్క తూటా పేలుతుంది. కొండ మీద ప్రతి ఇన్‌స్ట్రక్టర్ జేబులోనూ అలాంటి గొట్టం ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

*

సోమ, మంగళ, బుధవారాలు ఓతకార్ పడుతూనే ఉన్నాడు. వెనక్కి పడ్డాడు, ముందుకి పడ్డాడు, నిలబడి ఉండగా కూడా పడ్డాడు. కాపలావాళ్ళిద్దరూ వాలు కింద కేఫ్ వరండాలో వేడి ద్రాక్షసారా తాగుతూ, బంగాళాదుంపల బస్తా వచ్చిందని తమ భాషలో నవ్వుకున్నారు. ఆ నవ్వు వినిపించినప్పుడల్లా మాగలికి గుండె కుదుటపడేది. అది ఆగినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసేది.

ఆమెకి భయంగా ఉంది. ఏ పనికి వెళ్ళినా భయమేసేది, కానీ ఈసారిది వేరు. అద్దం ముందు ఎర్ర కోటు వేసుకుంటుంటే బొత్తాలు రెండుసార్లు తప్పు కాజాల్లో పడ్డాయి.

గస్తీ పెద్ద బాస్తియాన్ మొదటి రోజే ఆమెని గుర్తుపట్టాడు. పదహారేళ్ళ కింద ఒక ఏప్రిల్ ఉదయం ఆమె ఎవరికీ చెప్పకుండా ఈ లోయ వదిలి వెళ్ళిపోయింది. ఇన్‌స్ట్రక్టర్ కోటెందుకు వేసుకున్నావని అతను అడగలేదు. చలికి పగిలిన అరచేత్తో ఆమె నెత్తి మీద టోపీ సరిచేసి, “బక్కచిక్కావే పిల్లా,” అన్నాడు. “రేడియో ఇప్పటికీ మూడో చానెలే. మేమెక్కడికీ పోలేదు.”

ఓతకార్ తక్కువ మాట్లాడేవాడు. బుధవారం మధ్యాహ్నం మంచులో కూలబడి ఆయాసపడుతూ, ప్లాట్‌ఫారం మీద తాను భార్య హెద్వికా వైపు చూడలేదని, చూడొద్దన్నారు కాబట్టి చూడలేదని, కానీ ఆమె చూసిందో లేదో తెలియక రెండు వారాలుగా నిద్ర లేదని చెప్పాడు. మాగలి అతని కట్లు మళ్ళీ బిగించింది.

ఆ సాయంత్రమే, స్కీల అడుగున రాసే మైనం అమ్మే దుకాణంలో లియోనీ ఎదురైంది. తెల్లటి సూటు, మెడ చుట్టూ వెండినక్క బొచ్చు. ఎర్రటి పెదవులు. దుకాణంలో మగవాళ్ళంతా తాము కొనాల్సింది మరిచిపోయారు.

“ఈ పూట ఏ మైనం మంచిదంటావు?” అంది లియోనీ.

“నీలం. చలి ముదురుతుంది,” అంది మాగలి. కోడ్ సరిపోయింది.

ఇద్దరూ బయటికి వచ్చారు. లియోనీ రెనో పేరెత్తి కళ్ళు తుడుచుకుంది. తర్వాత, పక్కన వాళ్ళకి నవ్వుతూ కబుర్లు చెప్పుకుంటున్నట్టు కనిపిస్తూనే, రేపు జెంతియాన్ మీద వెళ్ళొద్దని, రెండో మలుపులో ఏడో గది మనుషులిద్దరు తుపాకులతో కాచుకుని ఉంటారని చెప్పింది. మార్మోత్ మీద ఎవరూ ఉండరట.

“చదునుంది,” అంది మాగలి. అక్కడ బోర్డు ఎందుకు ఆగిపోతుందో, ఎలా దాటాలో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. లియోనీ శ్రద్ధగా విన్నది.

“అయితే నేను ముందుంటా బంగారం,” అంది. “చదును ఎక్కడ మొదలవుతుందో అరిచి చెప్తా. నువ్వు ఆయన్ని సూటిగా వదిలెయ్. తూటా కంటే చదును నయం కదా?”

నయమే. కాదనడానికి మాగలి దగ్గర కారణం లేదు. భయం ఒక్కటే ఉంది, దాన్ని కారణమని శాఖలో ఎవరూ ఒప్పుకోరు.

*

గురువారం తెల్లారేసరికి జానెడు కొత్త మంచు పడింది. పదకొండింటికి మబ్బు కొండ మీదికి దిగింది. కాపలావాళ్ళు కేఫ్ లోపలికి వెళ్ళి కూర్చున్నారు. చెయిర్‌లిఫ్ట్ దగ్గర పనివాడు మాగలి, ఓతకార్, లియోనీ ముగ్గురినీ ఎక్కించుకుని, గాలి లేస్తోంది, మీ తర్వాత ఎవరినీ ఎక్కించనన్నాడు.

సగం దూరం వెళ్ళాక కింద నేల కనిపించడం మానేసింది. ముందు కుర్చీ కూడా కనిపించలేదు. పైన తీగ మీద చక్రాల చప్పుడు ఒక్కటే మిగిలింది. లియోనీ సిగరెట్ వెలిగించింది. ఓతకార్ ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఏదో గొణుక్కుంటున్నాడు. ప్రార్థన చేస్తున్నాడేమో అనుకుంది మాగలి. చెవి పెట్టి వింటే అవి పేర్లు. మరిచిపోతానేమోనని నలభై ఒక్క పేర్లూ వల్లె వేసుకుంటున్నాడు. లియోనీ పొగ వదులుతూ అతని వైపు చూసింది. ఆ చూపు మాగలి కంటపడింది, కానీ దానికి అర్థం అప్పుడు తట్టలేదు.

పైన దిగేసరికి తెల్లపగలు. అక్కడివాళ్ళు దాన్ని అలాగే అంటారు. ఆకాశమూ నేలా ఒకే తెలుపు. నీడ లేదు, అంచు లేదు. మనిషి కదులుతున్నాడో నిలబడ్డాడో అతనికే తెలియదు. మాగలి వాచీ చూసింది. పదకొండూ ముప్పై రెండు.

జెంతియాన్ మొదట్లో వల కట్టి, మూసేశామని పలక తగిలించారు. దాని కుడిపక్క మార్మోత్ ఆకుపచ్చ కర్రలు మొదలయ్యాయి. ఇరవై రెండు. ఇరవై ఒకటి. వాలుకి రెండు వైపులా అలాంటి కర్రలు పాతి ఉంటాయి. పై నుంచి కిందికి అంకెలు తగ్గుతూ పోతాయి, ఒకటి వస్తే ఊరొచ్చినట్టు. మబ్బులో ఒకేసారి ఒక్క కర్రే కనిపిస్తుంది. ఇరవయ్యో కర్ర ముందు లియోనీ స్కీల మీద మెత్తగా మబ్బులో కరిగిపోయింది. వెనక ఓతకార్, మడమల అంచు మీద, పీతలా అడ్డంగా జారుతున్నాడు. అతని వెనక మాగలి.

“నా కాళ్ళు కనబడటం లేదు మేడమ్,” అన్నాడు ఓతకార్.

“అవసరం లేదు. కర్ర చూడండి. ఒక కర్ర నుంచి ఇంకో కర్రకి, అంతే.”

పద్దెనిమిది. పదిహేడు. కాళ్ళ కింద మంచు మారినట్టనిపించింది ఆమెకి. చదును చేసిన నేల గట్టిగా, సన్నటి చాళ్ళు చాళ్ళుగా తగలాలి. ఇక్కడ మెత్తగా కూరుకుపోతోంది. కొత్త మంచు కదా అనుకుంది. పదహారు. వాలు కాస్త నిటారైంది. పదిహేను.

పద్నాలుగో కర్ర దగ్గర ఆమె వెన్ను చల్లబడింది. ఏమిటో తెలియలేదు. ఏదో తప్పుగా ఉంది. ఇంట్లో అడుగుపెట్టగానే వస్తువేదో చోటు మారిందని తెలిసినట్టు తెలిసింది. ఆగి చూసింది. ఆకుపచ్చ కర్ర, ఆకుపచ్చ పలక, పద్నాలుగు. నెత్తిన నారింజ రంగు.

నారింజ రంగు ఆమెకి ఎడమవైపు ఉంది.

ఈ దేశపు కొండల్లో దిగేవాడికి కుడివైపు ఉండే కర్రలకే నెత్తిన నారింజ రంగు పూస్తారు. తెల్లపగలు కమ్మినప్పుడు తాను ఏ అంచున ఉన్నాడో తెలియడానికి. ప్రతి నవంబరులోనూ బాస్తియాన్ వెంట ఆ కర్రలు పాతింది ఆమె. ఒకసారి పొరపాటున ఎడమవైపు పాతితే, ఆయన తిట్టకుండా, మాట్లాడకుండా, రోజంతా ఆమెతో కర్రలన్నీ పీకించి మళ్ళీ పాతించాడు.

వెంటనే ఇంకో భయం వేసింది. తెల్లపగల్లో ఒళ్ళు మోసం చేస్తుంది. బోర్డు మీద పక్కవాటుగా నిలబడే మనిషి ఎప్పుడో తనకి తెలియకుండా గిర్రున తిరిగి ఉండవచ్చు. తాను పైకి చూస్తోందేమో. కర్ర సరిగానే ఉందేమో. ఆమె పిడికెడు మంచు ఉండ చేసి కాళ్ళ ముందు వదిలింది. ఉండ ఆమె ముందుకి, సూటిగా, దొర్లుకుంటూ పోయి మబ్బులో మాయమైంది. కింద అటే. తాను సరిగానే నిలబడి ఉంది. తప్పు పాతినవాడిది.

ఎవడో కింది నుంచి ఎక్కుతూ పాతాడు. వీపున కర్రల కట్ట, తనకి కుడిచేతివైపు నారింజ. ఈ కర్రలు మార్మోత్‌వి కావు, దొంగవి. కింద నుంచి ఎక్కి ఇక్కడికి వచ్చే దారి ఒక్కటే. ‘వితంతువు’.

మబ్బులోంచి లియోనీ గొంతు తియ్యగా వినిపించింది. “చదును వచ్చేసింది బంగారం. సూటిగా వదిలెయ్ ఆయన్ని. అంచు ఆనించావంటే మధ్యలో ఇరుక్కుంటారు. వేగం తీసుకోండి, ఇద్దరూ.”

ఓతకార్ బుద్ధిమంతుడైన విద్యార్థి. నేర్పినట్టే బోర్డు ముక్కు కిందికి తిప్పబోయాడు. మాగలి అతని కోటు మెడ పట్టుకుని వెనక్కి లాగి కూలేసింది.

“ఏం చేశాను?” అన్నాడతను.

“ఏమీ చెయ్యలేదు. ఇక ఏమీ చెయ్యొద్దు,” అని చెవిలో చెప్పింది. గొంతు పెంచి, “కట్టు ఊడింది లియోనీ, ఒక్క నిమిషం,” అని అరిచింది. కోటుకి తగిలించిన రేడియోలో మూడో చానెల్ పెట్టి మీట నొక్కింది. లియోనీ వింటుంది. విన్నా అర్థం కాకూడదు.

“గస్తీ, మార్మోత్ పద్నాలుగు దగ్గరున్నా. నారింజ నా ఎడం చేతివైపు ఉంది.”

రేడియోలో గరగర. ఆమె తన గుండె చప్పుడు లెక్కపెట్టుకుంది. ముప్పై దాకా వచ్చింది.

“పిల్లా,” అన్నాడు బాస్తియాన్, నెమ్మదిగా. “కూర్చో. కూర్చునే ఉండు. ఊపిరి తప్ప ఏమీ కదపకు.”

కింద స్కీలు అడ్డంగా మెట్లు మెట్లుగా ఎక్కుతున్న చప్పుడైంది. లియోనీ మబ్బులోంచి ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది. ముందు ఎర్రటి పెదవులు, తర్వాత బొచ్చు, ఆ తర్వాత కుడిచేయి. చేతికి తొడుగు లేదు, పిస్తోలు ఉంది. అయిదు గజాల దూరంలో, వాలుకి అడ్డంగా స్కీలు ఆనించి నిలబడింది.

“నారింజ ఏంటి?” అంది.

“గస్తీవాళ్ళ గోల. రంగు వెలిసిపోయిందని చెప్పా.”

“నీకు అబద్ధం చెప్పడం రాదు. రెనో చెప్తుండేవాడు.” లియోనీ నిట్టూర్చింది. “దూకితే ప్రమాదమయ్యేది. ఎవరికీ నొప్పి ఉండేది కాదు. రెనో కూడా ఇలాగే ఆగాడు. ఆగి, వెనక్కి తిరిగి, ఎందుకని అడిగాడు. ఆ మాట అడక్కుండా ఉండాల్సింది.”

“నలభై ఒకటిలో మీ పేరెన్నోది?” అన్నాడు ఓతకార్, మంచులో కూర్చునే. భయంలోనూ అతని గొంతులో కుతూహలం ఉంది. “మీ ముఖం నేనెప్పుడూ చూడలేదు. పేర్లే తెలుసు.”

“మూడోది,” అంది లియోనీ. “లేవండి ఇద్దరూ. చేతులు పట్టుకుని దిగండి, చాలు.”

మాగలి జేబులోంచి క్రీము గొట్టం తీసింది. పగిలిన పెదవికి రాసుకోబోతున్నట్టు ఎత్తి, అడుగు తిప్పి, నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. లోపలి నూనె గడ్డకట్టింది. వెచ్చటి గదిలో పరీక్ష చేసి ఇచ్చారు దాన్ని. ఆమె గొట్టం మంచులో పడేసింది.

“ఆయనకి లేవడం రాదు,” అంది. “నాలుగు రోజులుగా పడుతూనే ఉన్నాడు. కట్టు సరిచెయ్యనీ.”

“తొందరగా.”

మాగలి ఓతకార్ పాదాల దగ్గర మోకరిల్లింది. మొదటి కట్టు బిగిస్తున్నట్టు కనిపిస్తూ వదులు చేసింది. రెండో కట్టు. చివరికి, బోర్డుని కాలికి కట్టి ఉంచే పొట్టి తాడు. స్కీ కాలి నుంచి ఊడితే దానికున్న చిన్న కొక్కేలు కిందికి దిగి మంచులో పాతుకుంటాయి, అది అక్కడే ఆగిపోతుంది. బోర్డుకి అలాంటివేమీ ఉండవు. ఊడిన బోర్డు ఆగదు. అందుకే ఆ తాడు లేకుండా ఏ లిఫ్ట్‌వాడూ బోర్డుని ఎక్కించుకోడు. బోర్డు ఎప్పుడూ కట్టుకోని లియోనీకి అది తెలిసి ఉండదు. ఉండకూడదని మాగలి మొక్కుకుంది.

తాడు విప్పింది. బోర్డు ముక్కు లియోనీ వైపు తిప్పి వదిలేసింది.

అయిదు గజాలే. బోర్డు ఉక్కు అంచుతో లియోనీ కాళ్ళని బూట్ల పైన కొట్టింది. పిస్తోలు మబ్బులోకి పేలింది. స్కీలు కిందినుంచి తప్పుకుని ఆమె వెల్లకిలా పడి, తలకిందులుగా జారిపోతూ, చేతికందిన ఆకుపచ్చ కర్రని రెండు చేతులా పట్టుకుంది. గస్తీవాళ్ళు కర్ర పాతితే మరతో రంధ్రం చేసి మూరెడు లోతున దింపుతారు. ఈ కర్రని ఆమె మనుషులు హడావిడిగా పొడిచి పోయారు. కర్ర ఆమెతో పాటు వెళ్ళిపోయింది.

అరుపు వినిపించలేదు. కాసేపటికి, చాలా కింద, మెత్తగా ఏదో పడ్డ చప్పుడు.

మాగలి ఓతకార్‌ని రెండు చేతులా కరుచుకుని అలాగే ఉండిపోయింది. తుపాకి చప్పుడుకి పైనున్న మంచంతా కదిలి వస్తుందేమోనని చెవులు రిక్కించింది. కొండ ఒకసారి మూలిగినట్టైంది. తర్వాత ఊరుకుంది.

*

బాస్తియాన్ పన్నెండుకి అయిదు నిమిషాలుండగా వచ్చాడు, దెబ్బలు తగిలినవాళ్ళని దింపే తొట్టి స్లెడ్జి లాక్కుంటూ. అతని మనుషులిద్దరు తాళ్ళతో ‘వితంతువు’ అంచుకి వెళ్ళారు. కాసేపటికి రేడియోలో చెప్పారు. ఆ తెల్ల సూటావిడ కొత్త మంచులో మెడదాకా కూరుకుపోయి ఉంది. కాళ్ళు రెండూ విరిగాయి, నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది.

“ఈ దొంగ కర్రలు పాతించింది ఆవిడే. ఎవరికీ ఫోన్ చెయ్యనివ్వొద్దు,” అంది మాగలి. బాస్తియాన్ తల ఊపాడు. తర్వాత ఓతకార్ ఖాళీ కాళ్ళ వైపు చూశాడు.

“బోర్డు ఏదీ?”

“కింద ఉంది.”

“మీరెక్కడ ఉండాలి?”

“సెంతోర్స్‌లో. పన్నెండుంపావుకి. ఆ తర్వాత వెళ్ళి లాభం లేదు.” ఓతకార్ వైపు చూపించింది. “ఈయన భార్య ఉంది అక్కడ.”

బాస్తియాన్ ఓతకార్‌ని తొట్టిలో పడుకోబెట్టి, ఎవరైనా చూస్తే ఎవరో తెలియకుండా దుప్పటి తల మీదిదాకా కప్పి, పట్టీలు బిగించాడు. అసలు మార్మోత్ మీదికి అడ్డంగా తీసుకెళ్ళి వదిలాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, స్లెడ్జి కర్రల మధ్య స్కీల మీద నిలబడి, ఏమీ కనిపించని మబ్బులోకి సూటిగా దిగాడు. మాగలి తన బోర్డు మీద, వెనక తాడు పట్టుకుని వేలాడింది. కర్రలు ఒక్కొక్కటిగా వచ్చి పోతున్నాయి. నారింజ కుడివైపు. మళ్ళీ కుడివైపు. చదును వచ్చేసరికి వేగం చచ్చింది. ఆమె బోర్డు విప్పి పారేసి, బూట్లతో మంచులో పరుగెత్తుతూ వెనకనుంచి నెట్టింది. ఊపిరి అందడం లేదు. దుప్పటి కింద నుంచి పేర్లు వినిపిస్తూనే ఉన్నాయి.

ఊరి మొదట్లో మబ్బు విడిపోయింది. చర్చి గడియారంలో పన్నెండూ పద్నాలుగు. చెక్కల మిల్లు పక్కన తెల్లటి వ్యాను. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది, చక్రాలు అప్పటికే కదిలాయి. మాగలి పరుగెత్తి దాని ముక్కు మీద రెండు చేతులూ వేసి నిలబడింది.

“తువ్వాళ్ళు ఎన్ని?” అన్నాడు డ్రైవరు, అద్దం దించి.

“నలభై ఒకటి,” అంది.

వెనక తలుపు తెరుచుకుంది. బూడిదరంగు కోటులో ఒకావిడ దిగింది. స్లెడ్జిని చూసింది. తల మీదిదాకా కప్పిన దుప్పటిని చూసింది. చేతిలో ఉన్న సంచి కింద పడిపోయింది. ఆమె ముఖంలో అప్పుడు కనిపించినదాన్ని మాగలి జీవితంలో మరిచిపోలేదు. దుప్పటి తీయడానికి స్లెడ్జి వైపు పరుగెత్తింది.

దుప్పటి కింద నుంచి ఒక చెయ్యి పట్టీల కోసం తడుముకుంది. ఓతకార్ లేచి కూర్చున్నాడు. కళ్ళద్దాల నిండా మంచు. “హెద్వికా,” అన్నాడు, ఏ వైపు చూడాలో తెలియక. “ప్లాట్‌ఫారం మీద నువ్వు నా వైపు చూశావా?”

“చూడొద్దన్నారుగా,” అందావిడ. “చూశాను.”

ఇద్దరూ పట్టుకున్న పట్టు చూసి డ్రైవరు కూడా ఇంజను ఆపేశాడు. మాగలి అటు తిరిగి ముక్కు తుడుచుకుంది.

బాస్తియాన్ మాత్రం జేబులోంచి పెన్సిలూ ఫారాల పుస్తకమూ తీశాడు. స్లెడ్జిలో ఎవరిని దింపినా ఫారం నింపకుండా వదలడు. నియమం నియమమే. రోగి పేరు? మాగలి తల అడ్డంగా ఊపింది. అతను గీత గీశాడు. గాయం? ఆ ఇద్దరి వైపూ ఒకసారి చూసి, ఏమీ లేదని రాశాడు.

“స్థాయి?” అన్నాడు. “కొత్తగా నేర్చుకునేవాడా, మధ్యరకమా, ఆరితేరినవాడా?”

“ఇవాళ ‘వితంతువు’ అంచు దాకా వెళ్ళి ప్రాణాలతో వచ్చాడు, పెద్దాయనా.”

“కూర్చుని వచ్చాడు,” అని, బాస్తియాన్ మొదటి గడిలో టిక్కు పెట్టాడు.